లిమరిక్ నగర పాలన: గార్డా, కెమెరా, నది

లిమరిక్ ఐర్లండ్‌కు పడమటి వైపున, షానన్ నదిలోకి సముద్రపు పోటు ఎగదన్నే చోట ఉన్న నగరం. ఐరిష్ భాషలో దీని పేరు లిమ్‌నక్. 2022 జనగణనలో నగరమూ శివార్లూ కలిపి 1,02,287 మంది, చుట్టుపక్కల పల్లెలూ చిన్న పట్టణాలూ కలుపుకుని కౌంటీ మొత్తానికి 2,09,536 మంది తేలారు. జనం లెక్కన చూస్తే మన దగ్గర ఒక మోస్తరు మునిసిపాలిటీ పాటిది. ఐర్లండ్ రిపబ్లిక్‌లో మాత్రం డబ్లిన్, కార్క్ తర్వాత మూడో నగరం. అయిదు పాదాల అల్లరి పద్యాన్ని ఇంగ్లీషువాళ్లు ఈ ఊరి పేరుతోనే పిలుస్తారు. ఊరికీ పద్యానికీ చుట్టరికం ఎలా కలిసిందన్నది వేరే కథ.

ఈ నగరం మీద ప్రభుత్వ ప్రకటనలు మూడు దిక్కుల నుంచి వచ్చి పడతాయి. పోలీసుల గురించి మాట్లాడేది డబ్లిన్‌లోని న్యాయశాఖ మంత్రి. డిజిటల్ సేవల గురించి చెప్పేది నగర మండలి. కర్బన ఉద్గారాలు, పచ్చదనం అనేసరికి చట్టం డబ్లిన్‌ది, డబ్బులో కొంత వాటా యూరోపియన్ యూనియన్‌ది. ప్రకటన ఎక్కడ పుట్టినా చివరికి దిగేది అదే వీధిలోకి. హెన్రీ స్ట్రీట్ అనే ఒక్క వీధిలోనే లిమరిక్ గార్డా డివిజన్ ప్రధాన స్టేషనూ ఉంది, నగర మండలి సొంత సంస్థ 2019లో పూర్తిచేసిన ‘గార్డెన్స్ ఇంటర్నేషనల్’ అనే కార్యాలయ భవనమూ ఉంది. మొదటిదాని మీద నగరానికి ఏ అధికారమూ లేదు, రెండోది నగరం సొంత ఆస్తి. లిమరిక్ పాలనను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి కనబడదు.

గొలుసు మేయర్, ఓటు మేయర్

పదో శతాబ్ది మొదట్లో వైకింగులు స్థిరపడిన రేవు ఇది. 1197లో నగర హక్కుల పత్రం అందుకుంది. అంత పాత నగరమైనా ఇటీవలి దాకా ఇక్కడి మేయర్‌ది ఏడాది ముచ్చటే. కౌన్సిలర్లు తమలోంచి ఒకరిని ఎన్నుకుని మెడలో లాంఛనంగా గొలుసు వేసేవారు. సభకు అధ్యక్షత వహించడం, రిబ్బన్లు కత్తిరించడం ఆయన పని. ఫైలు కదిలించేదీ సంతకం పెట్టేదీ నియామకం మీద వచ్చిన చీఫ్ ఎగ్జిక్యూటివ్. మన కార్పొరేషన్లలో మేయర్ కుర్చీకీ కమిషనర్ కుర్చీకీ తేడా తెలిసినవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

2014 జూన్ 1న లిమరిక్ నగర మండలినీ, కౌంటీ మండలినీ కలిపి ఒకటి చేశారు. 40 మంది కౌన్సిలర్లతో లిమరిక్ సిటీ అండ్ కౌంటీ కౌన్సిల్ ఏర్పడింది. దాని ముఖ్య కార్యాలయాల్లో ఒకటి నదీతీరాన మర్చంట్స్ కీ దగ్గర, మరొకటి దక్షిణ శివారు డూరడాయిల్‌లో. ఆ తర్వాత అయిదేళ్లకు, 2019 మే 24న, స్థానిక ఎన్నికలతో పాటే మూడు నగరాల ఓటర్లను ఒక ప్రశ్న అడిగారు: మీ మేయర్‌ను మీరే నేరుగా ఎన్నుకుంటారా? కార్క్, వాటర్‌ఫర్డ్ కొద్ది తేడాతో వద్దన్నాయి. లిమరిక్ 52.4 శాతంతో సరే అంది. గెలుపు బొటాబొటీది, చట్టం నడక అంతకంటే నిదానం. ఓటర్లు తేల్చిన మాట చట్టంగా మారి రాష్ట్రపతి సంతకం అయ్యేసరికి 2024 మార్చి వచ్చింది.

2024 జూన్ 7న జరిగిన ఎన్నికలో ఏ పార్టీకీ చెందని జాన్ మొరాన్ గెలిచి, అదే నెల 21న బాధ్యత తీసుకున్నారు. ఆయన అంతకుముందు ఐర్లండ్ ఆర్థికశాఖకు కార్యదర్శిగా పనిచేసిన మనిషి. దేశ చరిత్రలో ఓటర్లు నేరుగా ఎన్నుకున్న మొదటి మేయర్ ఆయనే. పదవీకాలం అయిదేళ్లు. పాత చీఫ్ ఎగ్జిక్యూటివ్ చేతిలో ఉన్న అధికారాల్లో చాలావరకు మేయర్‌కు వచ్చాయి. బడ్జెట్ ప్రతిపాదన, గృహవసతి విధానం, అభివృద్ధి ప్రణాళిక ముసాయిదా వాటిలో ముఖ్యమైనవి. ఎవరికి ఇల్లు కేటాయించాలి, ఫలానా కట్టడానికి అనుమతి ఇవ్వాలా వద్దా, ఉద్యోగుల వ్యవహారాలు ఏమిటి అన్నవి డైరెక్టర్ జనరల్ అనే అధికారికే ఉంచారు. చట్టం రాసినవాళ్లు జాగ్రత్తపరులు. ఓట్లడిగే చేతికి ఇళ్ల తాళాలు అందకూడదనుకున్నారు.

మేయర్ చేతికి అసలే రానిది పోలీసు. హైదరాబాద్‌లో 2002లో ఓటర్లు మేయర్‌ను నేరుగానే ఎన్నుకున్నారు, కానీ పోలీసు కమిషనర్ మీద ఆయనకు చెల్లే మాట లేదు, పురపాలనలోనూ అసలు బరువు మునిసిపల్ కమిషనర్ బల్ల మీదే ఉండేది. లిమరిక్‌లో రెండోది కొంత మారింది. మొదటిది మారలేదు.

గార్డా

ఐర్లండ్ పోలీసు దళాన్ని గార్డా షీఖానా అంటారు. శాంతి కాపరులు అని అర్థం. జనం నోట ‘గార్డ్స్’. దేశం స్వతంత్రమైన 1922లోనే పుట్టిన దళం. దేశమంతటికీ ఇది ఒక్కటే. రాష్ట్ర పోలీసు, నగర పోలీసు అన్న విడి విడి దళాలు లేవు. మొత్తం మీద సుమారు 14 వేల మంది. యూనిఫాంలో వీధిలో తిరిగేవాళ్ల దగ్గర మామూలుగా తుపాకీ ఉండదు. అంతకుముందున్న సాయుధ దళం జ్ఞాపకం జనంలో అంత చేదుగా ఉండేది.

ఆ చేదు లిమరిక్‌కు బాగా తెలుసు. 1919 ఏప్రిల్‌లో బ్రిటిష్ సైన్యం ఈ నగరాన్ని ప్రత్యేక సైనిక మండలంగా ప్రకటించి, ఊళ్లోకి రావడానికీ పోవడానికీ పాసులు పెట్టింది. నది ఒక గట్టున ఇల్లు, మరో గట్టున ఫ్యాక్టరీ ఉన్న కార్మికుడు రోజూ వంతెన దగ్గర కాగితం చూపించాలి. కార్మిక సంఘాలు సమ్మెకు దిగి రెండు వారాల పాటు ఊరిని తామే నడిపాయి. రొట్టె ధర నిర్ణయించాయి, పత్రిక నడిపాయి, సొంత నోట్లు కూడా అచ్చువేశాయి. చరిత్రలో దీన్ని లిమరిక్ సోవియట్ అంటారు. కాగితం చూపిస్తేనే కదలనిస్తామంటే ఈ ఊరు ఊరుకోదన్న సంగతి, తర్వాత వచ్చే కెమెరాల గొడవ చదివేటప్పుడు గుర్తుంచుకుంటే మంచిది.

2000 తర్వాతి పదేళ్లు లిమరిక్‌కు చెడ్డ కాలం. రెండు నేరగాళ్ల కుటుంబ కూటముల మధ్య పగలు చంపుకోవడాల దాకా వెళ్లాయి. ఈ ఊరికి అంతకుముందే ‘కత్తుల ఊరు’ అన్న అర్థం వచ్చే మారుపేరు అంటుకుంది. 2006 సెప్టెంబరులో మొయ్‌రాస్ అనే కాలనీలో ఇద్దరు చిన్నపిల్లలు కూర్చున్న కారుకు నిప్పుపెట్టారు. పిల్లలు తీవ్రంగా కాలిపోయి బతికారు. దేశం ఉలిక్కిపడింది. ప్రభుత్వం కోరగా మాజీ నగర పాలనాధికారి జాన్ ఫిట్జ్‌జెరాల్డ్ 2007 ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చారు. అందులో 100 మంది అదనపు గార్డాలను పెట్టమన్న సిఫారసు ఉంది. అయితే నివేదికలో పెద్ద మాట పోలీసుది కాదు. మొయ్‌రాస్, సౌత్‌హిల్, బాలినకర్రా వెస్టన్, సెయింట్ మేరీస్ పార్క్ అనే నాలుగు పేటలను ఇళ్లతో, బళ్లతో, ఉద్యోగాలతో సహా మళ్లీ నిలబెట్టాలన్నది దాని సారం.

2008లో ప్రకటించిన పునరుద్ధరణ ప్రణాళిక విలువ 300 కోట్ల యూరోలకు పైమాట. అదే ఏడాది ఐర్లండ్ బ్యాంకులు కుప్పకూలాయి. 2009 జనవరిలో డెల్ కంపెనీ లిమరిక్ ఫ్యాక్టరీ నుంచి 1,900 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు చెప్పింది. 2013 నాటికి సవరించిన ప్రణాళిక 30 కోట్ల యూరోల లోపు దిగింది. ఈ మధ్యలో వందల ఇళ్లు కూల్చేశారు. కూల్చడం చవక, కట్టడం ఖరీదు. ప్రకటనలో రెండూ ఒకే వాక్యంలో ఉంటాయి.

పోలీసు వైపు పనులు అంతకంటే చురుగ్గా సాగాయి. 2008 సెప్టెంబరులో సాయుధ ప్రాంతీయ సహాయ దళాలను ప్రయోగాత్మకంగా కార్క్, లిమరిక్‌లలోనే మొదలుపెట్టారు. ఆ నవంబరులో ముఠావాళ్లు ఒక రగ్బీ ఆటగాడిని, మరొకరనుకుని, ఇంటి దగ్గర కాల్చి చంపారు. 2009లో సంఘటిత నేరాల కేసులను జ్యూరీ లేకుండా ప్రత్యేక కోర్టులో విచారించే చట్టం వచ్చింది. సాక్షులనూ జ్యూరీ సభ్యులనూ బెదిరిస్తున్న తీరే దానికి కారణం. ముఠా నాయకులు ఒక్కొక్కరే జైలుకు చేరాక హత్యలు బాగా తగ్గాయి. 2014లో లిమరిక్‌ను ఐర్లండ్ తొలి జాతీయ సాంస్కృతిక నగరంగా ఎంచుకున్నారు. మారుపేరు మాత్రం ఊరిని వదలడానికి ఇంకా టైమ్ తీసుకుంది.

ఇప్పటి ప్రకటనల్లో తరచూ వినబడేది నియామకాల అంకె. 2025 జనవరిలో కుదిరిన సంకీర్ణ ప్రభుత్వ కార్యక్రమం అయిదేళ్లలో 5,000 మంది కొత్త గార్డాలను తీసుకుంటామంది. అభ్యర్థుల వయోపరిమితిని 2024లోనే 35 నుంచి 50 ఏళ్లకు పెంచారు. శిక్షణంతా లిమరిక్‌కు పొరుగు కౌంటీ టిపరరీలోని టెంపుల్‌మోర్ కళాశాలలో. మంత్రి చెప్పే అంకె దేశానిది. సౌత్‌హిల్‌లో ఉండే మనిషి తన వీధిలోంచి ఎందరు నడిచి వెళుతున్నారో లెక్కపెట్టుకుంటాడు. ఈ రెండు లెక్కలూ కలవడం అరుదు.

అంకెల కంటే గట్టి మార్పు 2025 ఏప్రిల్ 2న వచ్చింది. 2018 నాటి పోలీసు సంస్కరణల కమిషన్ సిఫారసుల ఆధారంగా చేసిన పోలీసింగ్, భద్రత, సామాజిక రక్షణ చట్టం ఆ రోజు అమల్లోకి వచ్చింది. గార్డాల మీద ఫిర్యాదులు విచారించే సంస్థ ‘ఫిస్రూ’ అన్న కొత్త పేరుతో, కొత్త అధికారాలతో నిలబడింది. పర్యవేక్షణకు పోలీసింగ్, సామాజిక రక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. కౌన్సిలర్లు, గార్డా అధికారులు కలిసి కూర్చునే పాత ఉమ్మడి పోలీసు కమిటీల స్థానంలో స్థానిక భద్రతా భాగస్వామ్య సంఘాలు వచ్చాయి. పాత కమిటీలో కౌన్సిలర్ లేచి దొంగతనాల గురించి అడిగితే సూపరింటెండెంట్ గణాంకాలు చదివేవాడు, అంతటితో సరి. కొత్త సంఘంలో ఆరోగ్యశాఖ, పిల్లల సంక్షేమ సంస్థ, పేటల ప్రతినిధులు కూడా ఉంటారు. నేరమంటే గార్డా ఒక్కడి పని కాదన్న మాట చట్టంలోకి ఎక్కింది. లిమరిక్‌లో ఆ మాట 2007 నాటి నివేదికలోనే ఉంది.

ఇక్కడి తెలుగువాళ్లకు గార్డా స్టేషన్‌తో మొదటి పరిచయం ఫిర్యాదుతో కాదు, నివాస అనుమతి కార్డుతో. యూనివర్సిటీ ఆఫ్ లిమరిక్‌లో చదవడానికో, శివార్లలోని కంపెనీల్లో పనికో వచ్చినవాళ్లు 300 యూరోలు కట్టి నమోదు చేసుకోవాలి. చాలా ఏళ్లపాటు డబ్లిన్ బయట ఈ పని గార్డా స్టేషన్‌లోనే జరిగేది. పాస్‌పోర్టు, కాలేజీ ఉత్తరం, బీమా కాగితం ఫైల్లో పెట్టుకుని కూర్చుంటే, మన దగ్గర పోలీస్ స్టేషన్ మెట్లెక్కడానికి జంకే కుర్రాడు ఇక్కడ గార్డాతో వాన గురించి మాట్లాడి బయటికొచ్చేవాడు. తర్వాత న్యాయశాఖ ఆ పనిని తన చేతిలోకి తీసుకుంటూ వచ్చింది, రెన్యువల్స్ ఆన్‌లైన్ అయ్యాయి. సౌకర్యమే. ఆ కాస్త ముఖపరిచయం మాత్రం పోయింది. 2025 వేసవిలో డబ్లిన్ ప్రాంతంలో భారతీయుల మీద దాడులు జరిగి, ఆగస్టు 1న భారత రాయబార కార్యాలయం జాగ్రత్తలు చెబుతూ ప్రకటన ఇచ్చినప్పుడు, స్టేషన్‌కు ఎలా వెళ్లాలి, ఎవరిని అడగాలి అన్న ప్రశ్న దేశమంతటా భారతీయుల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది.

కెమెరాలు

పోలీసు, డిజిటల్ సేవలు ఒకదానితో ఒకటి ఢీకొన్నది కెమెరా దగ్గర. 2010ల చివర్లో లిమరిక్ మండలి ‘స్మార్ట్ సీసీటీవీ’ పథకాన్ని చేపట్టింది. నగరంలోనే కాక అబ్బీఫీల్, అడేర్, కిల్‌మలక్, రాత్‌కీల్, న్యూకాజిల్ వెస్ట్ వంటి 14 పట్టణాల్లోనూ పల్లెల్లోనూ స్తంభాల మీద కెమెరాలు వెలిశాయి. జనాభా రెండు వేలకు మించని ఊళ్లు కూడా అందులో ఉన్నాయి. ప్రకటన వచ్చినప్పుడు చప్పట్లే కొట్టారు. దుకాణదారులకు ధైర్యం, గార్డాకు ఆధారం, చెత్త పారబోసేవాడికి భయం.

ఐర్లండ్ సమాచార రక్షణ కమిషన్ 2018లో, తనంతట తానే, స్థానిక సంస్థల నిఘా పరికరాల మీద విచారణ మొదలుపెట్టింది. లిమరిక్ వంతు నిర్ణయం 2021 డిసెంబరులో వెలువడింది: 1,10,000 యూరోల జరిమానా, కొన్ని చోట్ల కెమెరాల వాడకం మీద తాత్కాలిక నిషేధం. కమిషన్ వేసిన ప్రశ్న చాలా సాదాసీదా. ఈ కెమెరా పెట్టమని ఏ చట్టం చెప్పింది? శాంతిభద్రతల కోసం పెట్టేదైతే 2005 గార్డా చట్టం 38వ సెక్షన్ కింద గార్డా కమిషనర్ అనుమతి ఉండాలి. ట్రాఫిక్ కోసం పెట్టిన కెమెరాలకు స్పష్టమైన చట్టబలం కనబడలేదు. సంచార తెగ ట్రావెలర్ల వసతి ప్రాంగణాలను చూసే కెమెరాలున్నాయి. డ్రోన్లున్నాయి. బండి నంబరు చదివే పరికరాలున్నాయి. కెమెరా ఉందని చెప్పే బోర్డులు చాలనిచోట్లు ఉన్నాయి. ట్రాఫిక్ కెమెరాలో పడిన తన బొమ్మ చూపించమని పౌరుడు అడిగితే మండలి కాదన్నది. అదీ తప్పే అని తేలింది.

ఒక ప్రభుత్వ సంస్థ మరో ప్రభుత్వ సంస్థకు వేసిన జరిమానా కాబట్టి డబ్బు ఈ జేబులోంచి ఆ జేబులోకే పోయిందని చమత్కరించినవాళ్లు లేకపోలేదు. ఐర్లండ్ చట్టంలో ప్రభుత్వ సంస్థలకు వేయగల జరిమానాకు పది లక్షల యూరోల పరిమితి కూడా ఉంది. అసలు ఫలితం డబ్బులో లేదు. ఈ నిర్ణయాల తర్వాత పార్లమెంటు చట్టాలు రాయాల్సి వచ్చింది. 2022 నాటి వర్తుల ఆర్థిక వ్యవస్థ చట్టం, చెత్త పారబోసేవాళ్లను పట్టుకోవడానికి స్థానిక సంస్థలు కెమెరా వాడే పద్ధతినీ హద్దులనూ పెట్టింది. 2023 నాటి గార్డా రికార్డింగ్ పరికరాల చట్టం పాత 38వ సెక్షన్ స్థానంలో కొత్త నిబంధనలు తెచ్చింది, గార్డాల ఛాతీ మీద పెట్టుకునే కెమెరాలకు దారి తీసింది. ఆ కెమెరాలను 2024 మే చివర్లో ముందు డబ్లిన్ నడిబొడ్డు స్టేషన్లలో, తర్వాత వాటర్‌ఫర్డ్‌లో, లిమరిక్‌లో పరీక్షించారు. హెన్రీ స్ట్రీట్ గార్డా చొక్కా మీద ఎర్రలైటు వెలిగితే రికార్డు అవుతున్నట్టు. ఈసారి చట్టం ముందు వచ్చింది, కెమెరా తర్వాత.

హైదరాబాద్ దారి దీనికి తలకిందులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రతా చట్టం, జనం గుమిగూడే దుకాణాలూ హాళ్లూ కెమెరా పెట్టి తీరాలంది. ‘నేను సైతం’ పేరుతో కాలనీలు చందాలు వేసుకుని మరీ కెమెరాలు పెట్టించుకున్నాయి. బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టు 4న మొదలైన కమాండ్ కంట్రోల్ సెంటర్ వాటి దృశ్యాలను ఒక్కచోట చూడగలదు. ముఖాన్ని గుర్తుపట్టే సాంకేతికత మీద తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం కూడా పడింది. అక్కడ కెమెరా పెట్టనివాడు చట్టం తప్పినవాడు, ఇక్కడ పెట్టిన మండలి తప్పింది. లిమరిక్‌లో దొంగ దొరకడం ఆలస్యమైతే జనం విసుక్కుంటారు, అది నిజమే. కానీ ఏ స్తంభం మీద ఏ కన్ను ఎవరి అనుమతితో తెరుచుకుందో అడిగే హక్కు కాగితం మీదే ఆగిపోకుండా, ఒక మండలి చేత డబ్బు కట్టించిన ఉదాహరణగా ఈ కేసును చెప్పుకోవాలి.

డిజిటల్ నగరం

2017లో మండలి ‘ఐర్లండ్ తొలి డిజిటల్ నగరం కడదాం’ అన్న ధోరణిలో నాలుగేళ్ల డిజిటల్ వ్యూహాన్ని ప్రకటించింది. పర్యాటకం, వ్యాపారం, పురపాలన అని విడివిడిగా ఉన్న వెబ్‌సైట్లను లిమరిక్ పేరుతో ఒకే గుమ్మం కిందికి తెచ్చారు. ‘మైపాయింట్’ అనే పోర్టల్‌లో ముసాయిదా ప్రణాళికల మీద పౌరులు అభిప్రాయాలు రాయవచ్చు. ‘ఇన్‌సైట్’ పేరుతో నగర గణాంకాలు తెరిచిపెట్టారు. ‘ఎంజిన్’ పేరుతో కొత్త సంస్థలకు చోటిచ్చే భవనాలు నడుపుతున్నారు. ఇలాంటి జాబితాలు ప్రపంచంలో ప్రతి నగరం దగ్గరా ఉంటాయి కాబట్టి సాగదీయడం అనవసరం. జాతీయ స్థాయిలో అనుకున్న గడువు 2030: వీలున్న ప్రభుత్వ సేవల్లో 90 శాతం ఆన్‌లైన్‌లోనే జరగాలి.

ఈ ప్రకటనల మధ్య పాత కాగితం ఒకటి మొండిగా బతుకుతోంది. ఇంటికి గది కలపాలన్నా, కొత్త భవనం లేపాలన్నా స్థలం దగ్గర, దారిన పోయేవాడికి కనబడేలా, నోటీసు అంటించాలి. పత్రికలో ప్రకటన కూడా వేయాలి. నోటీసు మామూలుగా తెల్ల కాగితం. అదే స్థలానికి ఆరు నెలల లోపు మళ్లీ దరఖాస్తు పెడితే పసుపు కాగితం. అయిదు వారాల్లోపు ఎవరైనా 20 యూరోలు కట్టి అభ్యంతరమో సమర్థనో రాయవచ్చు, ఇప్పుడు ఆన్‌లైన్‌లో కూడా. లిమరిక్ వానకు తడిసి ముడుచుకుపోకుండా ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి గేటుకు కడతారు. పోర్టల్‌లో దరఖాస్తు దొరుకుతుందని తెలియని ముసలావిడ కూడా కుక్కను తిప్పుతూ ఆ గేటు దగ్గర ఆగి చదువుతుంది. డిజిటల్ వ్యూహం రాసినవాళ్లు దీన్ని తీసేయకపోవడం తెలివైన పని.

మనవైపు అనుభవం ఇంకోలా నడిచింది. హైదరాబాద్‌లో ఈ-సేవ, 2011 చివర్లో మీసేవ, 2019 అక్టోబరు 2 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాలు, 2025 జనవరి 30న 161 సేవలతో వాట్సాప్‌లో ‘మన మిత్ర’. వరుస చూస్తే వేగంలో మనమే ముందు. లిమరిక్‌లో కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం అన్న అవసరమే లేదు కాబట్టి క్యూలో నిలబెట్టే పనులు కూడా తక్కువ. అందుకే ఇక్కడ డిజిటల్ సేవ అంటే సర్టిఫికెట్ చేతికివ్వడం కంటే, ఊరు ఎలా మారాలో పౌరుడిని అడగడం మీదకు జరిగింది.

నది, కరెంటు, పాత ఇళ్లు

సుస్థిరాభివృద్ధి అన్న మాట పుట్టకముందే ఆ పని ఈ నదిలో జరిగింది. లిమరిక్‌కు కాస్త ఎగువన, క్లేర్ కౌంటీలోని ఆర్డ్‌నక్రషా దగ్గర 1925-29 మధ్య జర్మన్ కంపెనీ సీమెన్స్ జలవిద్యుత్ కేంద్రం కట్టింది. కొత్తగా పుట్టిన పేద దేశం తన బడ్జెట్‌లో పెద్ద ముక్కను దాని మీద పెట్టింది. మొదట్లో దేశపు కరెంటు అవసరాన్ని దాదాపు ఇదొక్కటే తీర్చింది. 85 మెగావాట్ల ఆ కేంద్రం ఇప్పటికీ తిరుగుతోంది. చేపలు ఎగువకు పోలేకపోవడం దాని వల్ల వచ్చిన నష్టం. షానన్ సాల్మన్ ఆ దెబ్బ నుంచి కోలుకోనేలేదు.

ఈ శతాబ్దంలో బహుమతులు వచ్చాయి. యూరోపియన్ కమిషన్ ఇచ్చే ‘గ్రీన్ లీఫ్’ గుర్తింపును 2020 సంవత్సరానికి బెల్జియంలోని మెఖెలెన్‌తో కలిసి లిమరిక్ పంచుకుంది. ఆ గుర్తింపు లక్ష లోపు జనాభా ఉన్న ఊళ్లకు. 2016 లెక్కల్లో లిమరిక్ నగరం 94,192 కాబట్టి సరిపోయింది. 2022లో లక్ష దాటింది, ఇక ఆ పోటీకి పనికిరాదు. 2030 లోపు కర్బన తటస్థం కావాలని యూరప్ 2022లో ఎంచుకున్న వంద నగరాల్లో ఐర్లండ్ నుంచి డబ్లిన్, కార్క్ ఉన్నాయి, లిమరిక్ లేదు. చిన్నవాళ్లలో పెద్ద, పెద్దవాళ్లలో చిన్న అన్న చిక్కు ఇది.

అంతకంటే చెప్పుకోదగ్గది ‘సిటీ ఎక్స్‌ఛేంజ్’ ప్రయోగం. 2018 నవంబరు నుంచి అయిదేళ్ల పాటు, సుమారు రెండు కోట్ల యూరోల యూరప్ నిధులతో, నార్వేలోని ట్రాన్‌హైమ్, లిమరిక్ దారి చూపే నగరాలుగా నడిచింది. ఒక భవన సముదాయం తాను వాడుకునే దానికంటే ఎక్కువ శక్తిని ఏడాదిలో తయారుచేయాలన్నది లక్ష్యం. లిమరిక్ దానికి ఎంచుకున్నది కొత్త కాలనీని కాదు, న్యూటౌన్ పెరీ అనే పాత జార్జియన్ పేటను. 1769 నాటి ప్రణాళికతో గళ్ల గళ్లుగా వేసిన వీధులు, ఎర్ర ఇటుక నాలుగంతస్తుల ఇళ్లు, ఎత్తయిన కిటికీలు. చూడ్డానికి అందం, చలికాలంలో కాపురానికి కష్టం. ఒంటి గాజు కిటికీల్లోంచి వేడి పారిపోతుంది. రక్షిత కట్టడాలు కాబట్టి కిటికీ మార్చాలన్నా అనుమతి కావాలి. కింద దుకాణం, పైన మూడంతస్తులు ఖాళీ అన్న దృశ్యం అక్కడ మామూలే. ఈ ప్రయోగంలో నగరానికి కంప్యూటర్‌లో నకలు ఒకటి తయారుచేసి, ఏ ఇల్లు ఎంత వేడి కోల్పోతోందో లెక్కలు కట్టారు. షానన్ ప్రవాహంతో తిరిగే చిన్న టర్బైన్ కూడా ఆలోచనలో ఉండేది. పాత ఇల్లు కూల్చి పచ్చ భవనం కట్టామనడం తేలిక. ఉన్న ఇంటినే పచ్చగా మార్చడం ఎంత చాకిరో ఈ ప్రయోగం నేర్పింది, లాభం అందులోనే ఉంది.

నది ప్రమాదం కూడా దగ్గరే. 2014 ఫిబ్రవరి 1 పొద్దున పెద్ద పోటుకు తుపాను తోడై షానన్ నీళ్లు కింగ్స్ ఐలాండ్‌లోని సెయింట్ మేరీస్ పార్క్‌లోకి వచ్చాయి. వందలాది ఇళ్లు మునిగాయి. జనాన్ని ట్రాక్టర్ల మీద, పడవల మీద బయటికి తెచ్చారు. ఆ పేట 2007 నివేదికలో పేరు పడిన నాలుగు పేటల్లో ఒకటి. పోలీసు పటంలో ఎర్రగా ఉన్నదే వరద పటంలో నీలంగా ఉంది.

చట్టాల సంగతి క్లుప్తంగా: 2021 వాతావరణ చట్టం దేశం ఉద్గారాలను 2030కల్లా 51 శాతం తగ్గించాలంది, 2050కి తటస్థం కావాలంది. దాని ప్రకారం ప్రతి స్థానిక మండలి అయిదేళ్ల ప్రణాళిక రాయాలి. లిమరిక్ ప్రణాళిక 2024-29 కాలానిది, అంటే సరిగ్గా మొదటి ఓటు మేయర్ పదవీకాలమే. 2018 నాటి జాతీయ ప్రణాళిక లిమరిక్ నగర జనాభా 2040కి కనీసం 1,45,000 కావాలని రాసింది. ఉద్గారాలు సగం కావాలి, జనం సగం మంది పెరగాలి.

ఈ రెండింటినీ కలిపేది రైలు, బస్సు, సైకిలే. లిమరిక్-షానన్ ప్రాంత రవాణా వ్యూహం 2022 డిసెంబరులో వచ్చింది. షానన్ ముఖద్వారంలోని ఫాయిన్స్ రేవుకు మూతపడ్డ 42 కిలోమీటర్ల రైలు మార్గాన్ని సరుకు రవాణాకు మళ్లీ తెరిచే పనులు సాగుతున్నాయి. అదే దారిలో అడేర్ బైపాస్ రోడ్డు కూడా పడుతోంది. 2027లో అడేర్ మేనర్‌లో జరిగే రైడర్ కప్ గోల్ఫ్ పోటీ దానికి గడువు పెట్టింది. దశాబ్దాలుగా ట్రాఫిక్‌లో నలిగిన గ్రామానికి గోల్ఫ్ బంతి దారి చూపించడం విచిత్రమే. నగరంలో సిమెంటు ఫ్యాక్టరీ బట్టీలో పాత టైర్లు కాల్చడానికి కంపెనీ అనుమతి అడిగినప్పుడు మంగ్రెట్ చుట్టుపక్కలవాళ్లు ఏళ్లపాటు పోరాడారు. శిలాజ ఇంధనం బదులు వ్యర్థం కాల్చడం సుస్థిరమని కంపెనీ వాదన, పొగ పీల్చేది మేమని వాళ్ల వాదన.

ఏటా గుడ్ ఫ్రైడే రోజున వేలాది మంది చేతి తొడుగులు వేసుకుని వీధులూ కాలువగట్లూ ఊడుస్తారు. 2015లో మొదలైన ‘టీమ్ లిమరిక్ క్లీనప్’ ఇది. చెత్త పట్టడానికి కెమెరా పెట్టాలా, చీపురు పట్టాలా అని వాదన వచ్చినప్పుడు చీపురు పక్షం వాళ్లు చూపించే ఉదాహరణ.

రవాణా వ్యూహంలో ఉన్న కొత్త స్టేషన్లలో మొయ్‌రాస్ ఒకటి. లిమరిక్ నుంచి ఎన్నిస్ మీదుగా గాల్వే వెళ్లే రైలు ఆ పేట పక్క నుంచే పోతుంది. పట్టాలు 1859 నుంచీ ఉన్నాయి. అక్కడ స్టేషన్ కట్టాలని మేయర్ గట్టిగా అడుగుతున్నారు, రైల్వే ప్రణాళికలు గీసింది. స్టేషన్ వస్తే పేటలోని కుర్రాడు పది నిమిషాల్లోపే నగరం నడిబొడ్డులో దిగుతాడు. 2025 నాటికి రైలు మొయ్‌రాస్ దగ్గర ఇంకా ఆగడం లేదు.